తడవని కొంగు

ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ కూర్చుని, తొంభైల కాలపు ఇంటి కథగా తీసిన ఒక తెలుగు సిరీస్ చూశాం. తెర మీది ఇల్లు కావలిలో మేమున్న ఇంటిలాగే ఉంది. పచ్చ సున్నం గోడలు, మడత మంచం, మూలన కుట్టుమిషను, వసారాలో చేతక్ స్కూటరు, కిటికీ చువ్వకు ఉత్తరాలు గుచ్చిన తీగ, అన్నీ ఉన్నాయి. నేను ఒక్కొక్కటే చూపిస్తూ మురిసిపోతున్నాను. అమ్మ కాసేపు చూసి, "ఆమె కొంగు చూడవే. పొద్దుట్నుంచి వంటింట్లోనే ఉంది గదా, ఎక్కడా తడి లేదు" అంది. ఇంకో పది నిమిషాలకు, "పంపు స్టవ్వు పెట్టారు, బాగుంది. పిన్ను ఏదీ? పిన్ను లేకుండా ఎట్లా వెలిగిస్తుంది?" అని అడిగింది. రేకు ముక్కకు సన్నటి తీగ అతికించిన ఆ పిన్నుతో రోజుకు నాలుగుసార్లు మసి పొడిస్తే తప్ప కిరోసిన్ స్టవ్వు మండేది కాదు. స్టవ్వును ఎవరో వెతికి తెచ్చి తుడిచి పెట్టారు. దాన్ని వెలిగించే మనిషికి ఏం కావాలో మాత్రం ఎవరికీ తట్టలేదు.

గడిచిన దశాబ్దాల్లో కథ నడిపే టీవీ నాటకాల మీద చాలాకాలంగా నా మనసులో ఉన్న అభ్యంతరం అమ్మ ఆ రెండు మాటల్లో చెప్పేసింది. ఆ నాటకాలు ఆడవాళ్లను వంటింట్లో చూపించడం నాకు తప్పుగా కనిపించదు. అప్పుడు ఎక్కువమంది అక్కడే ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా బాధ ఏమిటంటే, ఆనాటి వస్తువుల విషయంలో తీసుకునే శ్రద్ధలో పదో వంతు కూడా ఆ వస్తువులతో జరిగిన పని మీద ఉండదు. ఆడది ఇలా ఉండాలి, మగవాడు ఇలా ఉండాలి అన్నది ఆ రోజుల్లో మాటలతో నిలబడిన సంగతి కాదు. తెల్లవారుజామున ఐదింటికి మొదలై రాత్రి పదింటికి ముగిసే పనితో, ఎవరి చేతిలో డబ్బుందన్న లెక్కతో, ఎవరి సంతకం చెల్లుతుందన్న చట్టంతో నిలబడింది. వాటిని తెర మీదకు తేకుండా అమ్మ నవ్వును, నాన్న కోపాన్ని మాత్రమే తెస్తే, ఆ ఏర్పాటు అంతా ఎవరి స్వభావాన్ని బట్టి వాళ్లు చేసుకున్నట్టు కనిపిస్తుంది. అమ్మ మంచిది కాబట్టి వండింది, నాన్న బాధ్యత గలవాడు కాబట్టి సంపాదించాడు అన్నట్టు ఉంటుంది.

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90's ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎంత ఆదరణ పొందిందో అందరికీ తెలుసు. శివాజీ వేసిన లెక్కల మాస్టారు పాత్ర, వాసుకి వేసిన తల్లి పాత్ర, ఉప్మా మీద పిల్లల విసుగు, అవన్నీ నాకూ నచ్చాయి. మా తరం తండ్రులు ఒక్కో రూపాయినీ ఎలా లెక్కపెట్టారో చెప్పే కథ కాబట్టి కళ్లు చెమర్చాయి కూడా. దాన్ని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అలాంటి కథలు చూసి లేచాక నాకు మిగిలే ప్రశ్న ఒకటుంది. తండ్రి పొదుపు కథ అవుతుంది, ఎందుకంటే దానిలో ఒక మనిషి ఆలోచన, భయం, అవమానం ఉన్నాయని మనం ఒప్పుకుంటాం. అదే రవ్వను ఐదుగురికి సరిపోయేలా రోజూ వండిన మనిషి ఆలోచన మాత్రం ఎందుకో మమకారం అనే ఒక్క మాటలో కలిసిపోతుంది. పొదుపు ఇద్దరూ చేశారు. లెక్క ఒకరిదే అయింది.

మా ఇంటి టీవీ సంగతి చెబుతాను. 1989లో నలుపు తెలుపు పోర్టబుల్ టీవీ వాయిదాల మీద కొన్నాం. నాన్న కొన్నాడనే చాలాకాలం నేను అనుకున్నాను, ఎందుకంటే దుకాణానికి వెళ్లి తెచ్చింది నాన్నే, రసీదు మీద ఉన్నది నాన్న పేరే. వాయిదాలు కట్టింది మాత్రం అమ్మ. వీధిలో ఆడవాళ్ల చీరలకు చీరకు మూడు రూపాయల చొప్పున ఫాల్ కుట్టి, ఆ చిల్లరను నెలాఖరుకు నోట్లుగా మార్చి నాన్న చేతికిచ్చేది. ఆ టీవీ ముందు నాన్నకు ఒక పేము కుర్చీ, అన్నకూ నాకూ చాప ఉండేవి. అమ్మ వంటింటి గడప దగ్గర ద్వారబంధానికి ఆనుకుని నిలబడి చూసేది. సంవత్సరాల తరబడి అలాగే చూసింది. ఇప్పుడు ఆ కాలాన్ని తీస్తున్న సిరీసుల్లో కూడా తల్లి గడప దగ్గర నిలబడే కనిపిస్తుంది. అది నిజమే. అయితే కెమెరా ఎప్పుడూ పేము కుర్చీ ఉన్న చోటే ఉంటుంది. గడప దగ్గర నుంచి ఆ గది ఎలా కనిపించిందో, అక్కడ నిలబడ్డ మనిషికి వెనక పొయ్యి మీద ఏం పొంగుతోందో మనకు తెలియదు.

ఈ పనిని బాగా చేసిన నాటకం ఏదని అడిగితే, లోపాలున్నా సరే, నేను అమెరికాలో తీసిన 'మ్యాడ్ మెన్' పేరే చెబుతాను. ఏఎంసీ చానల్లో 2007 నుంచి 2015 వరకు ఏడు సీజన్లుగా, 92 భాగాలుగా వచ్చింది. న్యూయార్క్‌లోని ఒక ప్రకటనల సంస్థలో 1960 నుంచి 1970 వరకు జరిగే కథ. దాంట్లో నాకు మరచిపోలేని ఘట్టం రెండో సీజన్లో ఉంది. జోన్ ఆ ఆఫీసులో గుమాస్తా అమ్మాయిలందరినీ నడిపించే మనిషి. అందం, చతురత, నడక, అన్నిటికీ పేరుపడ్డది. టెలివిజన్ విభాగంలో పని ఎక్కువై, కార్యక్రమాల స్క్రిప్టులు చదివిపెట్టమని ఆమెను అడుగుతారు. ఏ కథ పక్కన ఏ ప్రకటన వస్తే ఇబ్బందో ఆమె చదివి చెబుతుంది. ఇంటికి తీసుకెళ్లి రాత్రుళ్లు కూడా చదువుతుంది, ఇష్టంగా చదువుతుంది, ఆ పని ఆమెకు వచ్చు. ప్రకటనదారులు ఆమె మాటకు విలువిస్తారు. అంతలో ఆ పనికి ఒక మగవాణ్ని నియమించి, అతనికి పని నేర్పమని ఆమెకే చెబుతారు. ఆమె మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలి, వెంటనే మామూలు చిరునవ్వు వస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా మంచం అంచున కూర్చుని, లోదుస్తు పట్టీని భుజం మీద నుంచి జార్చి, రోజంతా అది ఒరుసుకుని పడిన ఎర్రటి గాడిని వేళ్లతో రుద్దుకుంటుంది. మాట లేదు. ఏడుపు లేదు. అప్పటిదాకా ఆఫీసులో మగవాళ్లు చూసి మెచ్చుకున్న ఆ రూపం ఒక పని అనీ, ఆ పనికి ఒంటి మీద గుర్తు పడుతుందనీ ఆ గాడి చెబుతుంది. అమ్మ వెతికిన తడి కొంగు ఇదే.

అదే నాటకంలో పెగ్గీ అనే అమ్మాయి సెక్రటరీగా చేరి ప్రకటనలు రాసే స్థాయికి ఎదుగుతుంది. 1963లో అక్కడ సమాన వేతన చట్టం వచ్చాక, ఆ చట్టం పేరు ఎత్తి జీతం పెంచమని పైవాడిని అడుగుతుంది. ఇది సమయం కాదని సమాధానం వస్తుంది. చట్టం కాగితం మీదికి వచ్చిన రోజుకూ, ఒక గదిలో ఒక ఆడపిల్ల నోటికి వచ్చిన రోజుకూ, అది ఆమె జీతం కవరులోకి వచ్చిన రోజుకూ మధ్య ఎంత దూరమో ఆ చిన్న సన్నివేశం చూపిస్తుంది. ఇక ఊరి బయట పెద్ద ఇంట్లో ఉండే కథానాయకుడి భార్య బెట్టీ, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని మానసిక వైద్యుడి దగ్గరకు వెళుతుంది. రాత్రి ఆమె భర్త ఫోను చేస్తే, ఆమె అక్కడ పడుకుని చెప్పుకున్న మాటలు ఆ వైద్యుడు అతనికి అప్పజెబుతాడు. భర్తా, వైద్యుడూ ఇద్దరూ దాన్ని మామూలు విషయంగానే మాట్లాడుకుంటారు. భర్త క్రూరుడని చెప్పడానికి కాదు, ఆ రోజుల్లో భార్య మనసు కూడా భర్త లెక్కలోనిదేనని చెప్పడానికి ఆ ఫోను అక్కడుంది.

అయినా ఆ నాటకం కూడా ఒక గడప దాటలేదు. బెట్టీ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది కార్లా అనే నల్లజాతి స్త్రీ. నాలుగో సీజన్ చివర ఆమెను ఒక్క మాటతో పనిలోంచి తీసేస్తారు. ఆమె ఆ రోజు ఏ ఇంటికి వెళ్లిందో, అక్కడ ఎవరి పిల్లలు ఎదురుచూస్తున్నారో మనం చూడం. ఈ విషయంలో మన సిరీసులను వేరుగా తప్పుపట్టలేను, ఎందుకంటే మా ఇంట్లో పదేళ్లు అంట్లు తోమిన మనిషికి నెలకు ఎంత ఇచ్చేవాళ్లో మొన్న అమ్మను అడిగేదాకా నాకూ తెలియదు.

బీబీసీ 2012లో మొదలుపెట్టిన 'కాల్ ద మిడ్‌వైఫ్' మరో దారిలో వెళ్లింది. లండన్ తూర్పు భాగంలోని పాప్లర్ అనే పేదల పేటలో, 1957 నుంచి మొదలయ్యే మంత్రసానుల కథ అది. అక్కడ పని చేసిన జెన్నిఫర్ వర్త్ జ్ఞాపకాల ఆధారంగా మొదలైంది. చాలామంది దాన్ని మెత్తటి కథల కింద జమకడతారు గానీ, నేను ఒప్పుకోను. రెండో సీజన్లో ఎనిమిది మంది పిల్లల తల్లి ఒకామె తొమ్మిదో కడుపును మోయలేక, చట్టం ఒప్పుకోదు కాబట్టి దొంగచాటుగా తీయించుకోబోయి చావు దాకా వెళుతుంది. బ్రిటన్‌లో గర్భస్రావ చట్టం వచ్చింది 1967లో. ఆమె భర్త దుర్మార్గుడు కాడు, ఆమెను ప్రేమించేవాడే. ఈ కథలో విలన్ లేడు. చాలని గదులు, చాలని తిండి, లేని చట్టం, ఇవే ఉన్నాయి. ఒక దుర్మార్గపు భర్తను పెడితే చూసేవాళ్లకు సుఖంగా ఉంటుంది, నా భర్త అలాంటివాడు కాదు అనుకుని టీవీ కట్టేయవచ్చు. మంచివాడిని పెట్టి కూడా ఆ ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చిందని చూపించడానికి రచయితకు గుండె ధైర్యం కావాలి.

ఈ మాటలంటే నాకు తరచూ వచ్చే జవాబు ఒకటుంది. "ఆ రోజులే అలాంటివి, ఉన్నది ఉన్నట్టు చూపించారు" అంటారు. ఆ రోజులు నేను చూశాను, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఆ రోజుల్లోనే, 1985లో, దూరదర్శన్‌లో 'రజని' వచ్చింది. ప్రియా టెండూల్కర్ వేసిన ఆ ఇల్లాలు గ్యాస్ బండ లాంటి రోజువారీ విషయాల మీద దుకాణదారులనూ అధికారులనూ నిలదీసింది. 1989లో 'ఉడాన్' వచ్చింది. కవితా చౌదరి తానే రాసి, తీసి, నటించిన ఆ సీరియల్‌కు ఆధారం ఆమె అక్క కంచన్ చౌదరి భట్టాచార్య జీవితం. 1973లో ఐపీఎస్‌లో చేరిన ఆమె 2004లో ఉత్తరాఖండ్ పోలీసు శాఖకు అధిపతి అయ్యారు, అంతకు ముందు ఏ రాష్ట్రంలోనూ ఆ పదవిలో స్త్రీ లేదు. మా అమ్మకు హిందీ రాదు. గడప దగ్గర నిలబడి మొహాలు చూసి ఆ సీరియల్ అర్థం చేసుకుంది. ఎనభైల టీవీ అలాంటి ఆడవాళ్లను చూపించగా, ఈనాటి టీవీ ఎనభై తొంభైలను తలుచుకునేటప్పుడు అంతకన్నా మెత్తటి, అంతకన్నా మాటలేని ఆడవాళ్లను చూపిస్తోంది. దీన్ని ఉన్నది ఉన్నట్టు అనడానికి నాకు మనసొప్పదు.

టీవీని పక్కనపెట్టి వీధిలోకి వద్దాం. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ అక్షరాస్యత ఉద్యమంలో పాఠంగా ఊరూరికీ చేరింది. 1992లో సారా వేలంపాటలు జరగకుండా జిల్లా అంతటా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఆ రోజుల్లో పేపర్లో రోజూ కనిపించేది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నాకప్పుడు పదేళ్లు. ఒక మధ్యాహ్నం మా వీధిలో పాతిక ముప్పై మంది ఆడవాళ్లు, చేతుల్లో చీపుళ్లతో, కొందరు చంకన బిడ్డలతో నడిచి వెళుతూ మా అరుగు మీద కాసేపు కూర్చున్నారు. అమ్మ బిందెడు నీళ్లూ, ఉన్న మజ్జిగంతా పలుచన చేసి ఇచ్చింది. ఒకామె గ్లాసు తిరిగి ఇస్తూ, "నువ్వూ రాకూడదా అక్కా" అంది. అమ్మ వెళ్లలేదు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. ఆ రోజు అన్నం ఆలస్యమైందని మాత్రం నాకు గుర్తుంది. తొంభైల మధ్యతరగతి ఇంటి కథ తీసేవాళ్లెవరికీ ఆ అరుగు, ఆ గ్లాసు, ఆ వెళ్లకపోవడం ఎందుకు గుర్తు రావు?

ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. 1985కు ముందే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు కాబట్టి, ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి వచ్చింది. ఆ ఒక్క సంగతిలో ఎన్ని పండగ భోజనాల దగ్గర మౌనాలు, ఎన్ని బావామరుదుల మధ్య మాట పట్టింపులు ఉన్నాయో మన ఇళ్లలో అందరికీ తెలుసు. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు 1993లో వచ్చాయి. ఒక కుటుంబ కథలో ఇవన్నీ ఉండాలని నేను అనడం లేదు. ఏ ఒక్కటీ, ఎప్పుడూ, పొరపాటున కూడా లోపలికి రాకపోవడమే నన్ను కలవరపెడుతుంది.

రావలసిన ఇంకో సంగతి ఉంది, రాయడానికి చెయ్యి ఆడదు. అమ్మ అడిగిన ఆ పంపు స్టవ్వు, ఎనభై తొంభైల పేపర్లలో ఇంకో విధంగా కనిపించేది. "స్టవ్వు పేలి వివాహిత మృతి" అని లోపలి పేజీలో రెండు అంగుళాల వార్త వచ్చేది. ప్రమాదాలూ ఉండేవి, కానీ అన్నీ ప్రమాదాలు కావని చదివేవాళ్లకు తెలుసు. భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింసను నేరం చేస్తూ 498-ఎ సెక్షన్ 1983లో, వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరం చేస్తూ 304-బి సెక్షన్ 1986లో వచ్చింది అందుకే. నేటి సిరీసులో అదే స్టవ్వు తీపి గుర్తుగా, రంగు మెరుస్తూ, చూసేవాళ్ల ముఖాన చిరునవ్వు తెప్పించడానికి నిలబడి ఉంటుంది. ఒక వస్తువును అంత దూరం కడిగి పెట్టడం నాకు భయం వేస్తుంది.

దీనికి విరుగుడుగా కొందరు చేసే పని కూడా నాకు నచ్చదు. 1950లలోనో 1960లలోనో జరిగే కథలోని పాత్ర చేత ఈనాటి మాటలు పలికిస్తారు. ఆమె ఎవరికీ జంకదు, వెంటనే జవాబు చెబుతుంది, గది దద్దరిల్లుతుంది, మనం చప్పట్లు కొడతాం. అలా చెప్పలేకపోయిన లక్షల మంది ఆడవాళ్లు అప్పుడు చేతకానివాళ్లయిపోతారు. అమ్మ ఆ రోజు ఊరేగింపు వెంట వెళ్లకపోవడం చేతకానితనం కాదు. ఆమెకు వెళ్లాలనిపించింది. ఇంట్లో రెండు గంటలకు ముగ్గురు అన్నానికి వస్తారు.

ఉన్నది నిజాయితీగా చూపిస్తే చాలదా అన్న ప్రశ్న కూడా అంత తేలికది కాదు. 1984లో దూరదర్శన్‌లో మొదలైన 'హమ్ లోగ్' సీరియల్‌లో భగవంతి అనే తల్లిని అణిగిమణిగి ఉండడం ఎంత నష్టమో తెలియజెప్పడానికే సృష్టించారు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నీతి కూడా చెప్పేవారు. తర్వాత పరిశోధకులు చూసేవాళ్లను అడిగితే, చాలామంది భగవంతినే ఆదర్శంగా భావించామని చెప్పారు. 'మ్యాడ్ మెన్' సంగతీ అంతే, ఆ మగవాళ్ల బోలుతనాన్ని చూపించిన నాటకం పేరు మీద 2011లో బనానా రిపబ్లిక్ సంస్థ సూట్లూ గౌన్లూ అమ్మింది. వేషం మీద మనకున్న మోజు అంత బలమైనది. అందుకే ఉపదేశం కన్నా ఖర్చు చూపించడం మీదే నాకు నమ్మకం. ఎర్రటి గాడిని చూసినవాళ్లు ఆ గౌను కొనుక్కోవచ్చు గాక, కనీసం దాని బరువు తెలిసి కొంటారు.

మగవాళ్ల పాత్రలకూ ఇదే అన్యాయం మరో రూపంలో జరుగుతోంది. మా నాన్న జీతం తెచ్చిన రాత్రి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. దాన్ని గాంభీర్యం అనుకున్నాం. అది సిగ్గని, ఆ డబ్బు చాలదని ముందే తెలిసిన మనిషి సిగ్గని, ఇప్పుడు అర్థమవుతోంది. ఫాల్ కుట్టిన డబ్బు అమ్మ చేతిలో నుంచి తన చేతిలోకి వచ్చి దుకాణానికి వెళ్లాలన్న ఏర్పాటు ఆయన పెట్టింది కాదు, ఆయన దాన్ని దాటే ధైర్యం చేయలేదు. ఈ ఇద్దరినీ ఒకే సన్నివేశంలో, నోట్లు చేతులు మారే ఆ అరనిమిషంలో, ఎవరైనా చూపిస్తే నేను ఎన్ని భాగాలైనా చూస్తాను.

ఆ ఆదివారం సిరీస్ మధ్యలో ఆపి అమ్మను అడిగాను, అన్నేళ్లు గడప దగ్గరే ఎందుకు నిలబడ్డావని. పొయ్యి మీద కూర మాడుతుందని చెబుతుందనుకున్నాను. నాన్న ముందు కూర్చోవడం బాగుండదని అనుకుందేమో అని కూడా అనుకున్నాను.

"అది కాదే," అంది. "కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి అయ్యేది కాదు."

తర్వాత, ఆపిన చోటు నుంచి పెట్టమంది.